గుప్పెడు ఇటుక ముక్కల్లో ఒక చెట్టు

మూడేళ్ళు పెంచిన చింత మొక్క ఒకటి నిరుడు వానాకాలంలో నా చేతుల్లోనే చచ్చిపోయింది. ఆకు వాడితే దాహమనుకుని నీళ్ళు పోశాను. మర్నాటికి ఇంకా వాడింది, ఇంకాసిని పోశాను. నాలుగో రోజుకి ఆకంతా రాలిపోయాక కుండీ బోర్లించి చూశాను. మట్టి మొత్తం జున్నుగడ్డలా కుండీ ఆకారంలోనే ఊడి వచ్చింది. పైన అంగుళం మేర పొడిగా ఉంది, అడుగున ముద్ద. మురుక్కాలవ వాసన. వేరుని పట్టుకుని లాగితే పైతొక్క జారిపోయి చేతిలో సన్నటి దారప్పోగు మిగిలింది. దాహంతో అల్లాడుతోందని నేననుకున్న చెట్టు నిజానికి ఊపిరాడక చచ్చిపోయింది.

ఆ కుండీకి రెండడుగుల దూరంలో పిట్టగోడ పగిలి ఉంది. ఆ పగులులో ఎవరూ నాటని రావి మొక్క. ఏ కాకో గోరింకో పండు తిని వేసిన గింజ మొలిచి ఉంటుంది. దానికి మట్టి లేదు, ఎరువు లేదు, నీళ్ళు పోసే దిక్కు లేదు. ఇటుకకీ సున్నానికీ మధ్య సందులో వేరు దూర్చుకుని, మే నెల ఎండలో కూడా చిగురు వేస్తుంది. రెండుసార్లు పీకేశాను, మళ్ళీ వచ్చింది. ఎర్రమట్టిలో పశువుల ఎరువు కలిపి అపురూపంగా పెంచిన చెట్టు పోయింది, గోడలో పుట్టిన చెట్టు నిక్షేపంలా ఉంది. బోన్సాయ్ పెంచేవాళ్ళు కుండీలోంచి మట్టిని తీసేసి రాతిపలుకులు, పెంకు ముక్కలు, అగ్నిపర్వతపు గుల్లరాళ్ళు ఎందుకు నింపుతారో ఆ రోజుదాకా నా తలకెక్కలేదు.

జపాన్ భాషలో బోన్ అంటే పళ్ళెం లాంటి తొట్టి, సాయ్ అంటే నాటడం. మన దగ్గర వామన వృక్షాలంటారు. ఈ కళలో అందరి కళ్ళూ కొమ్మల వంపు మీదా, మొదలు లావు మీదా పడతాయి. కానీ చెట్టు ప్రాణం ఉండేది ఆ పళ్ళెంలో. దాని లోతు చాలాసార్లు నాలుగైదు సెంటీమీటర్లకి మించదు. పొలంలో చెట్టుకి కాళ్ళ కింద ఎన్నో అడుగుల నేల ఉంటుంది. వానపాములు, చీమలు తవ్విన సొరంగాలుంటాయి, చివికిపోయిన పాత వేర్లు వదిలిన దారులుంటాయి. పడిన వాన కిందికి దిగిపోతుంది, దాని వెనకే గాలి లోపలికి వస్తుంది. పళ్ళెంలో ఇవేవీ లేవు. పొలంలో బంగారం పండించే మట్టిని తెచ్చి పళ్ళెంలో పోస్తే నాలుగు వానలకి అది అడుసవుతుంది.

వేరు కూడా మనలాగే ఊపిరి పీలుస్తుంది. ఆకులు పగటిపూట ఆక్సిజన్ తయారుచేసుకుంటాయి కానీ, చీకట్లో ఉండే వేరుకి తన వాటా తనే మట్టి సందుల్లోంచి తెచ్చుకోవాలి. లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. 30 డిగ్రీల వేడిలో ఉన్న లీటరు నీటిలో కరిగి ఉండేది ఏడున్నర మిల్లీగ్రాములే. అదైనా చప్పున అందుతుందా అంటే, లేదు. గాలిలో కన్నా నీటిలో ఆక్సిజన్ సుమారు పదివేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. మట్టి సందులన్నీ నీటితో నిండితే వేరు చుట్టూ ఉన్న కాస్త ఆక్సిజన్ కొద్ది గంటల్లో అయిపోతుంది, కొత్తది వచ్చి చేరదు. మన ఎండలు దీన్ని ఇంకా కష్టం చేస్తాయి. నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. వేరుకి మాత్రం పది డిగ్రీలు పెరిగితే శ్వాస దాదాపు రెట్టింపవుతుంది. చలిదేశంలో బురద కుండీలో నెలరోజులు ఓర్చుకునే చెట్టు మన ఆగస్టు ఉక్కలో వారం నిలవదు.

ఇక నీళ్ళలో నిలబడిన చెట్టు వాడిపోవడం ఏమిటన్నది నన్ను చాలాకాలం వేధించిన ప్రశ్న. వేరు కణాల పొరల్లో నీటిని మాత్రమే లోపలికి వదిలే సన్నటి ప్రోటీన్ ద్వారాలుంటాయి. వాటిని ఆక్వాపోరిన్లు అంటారు. ఇలాంటి ద్వారాలను కనుక్కున్నందుకే పీటర్ ఆగ్రేకి 2003లో రసాయన శాస్త్ర నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. ఆక్సిజన్ అందకపోతే వేరు కణం లోపల ఆమ్లత్వం పెరుగుతుంది, దాంతో ఈ ద్వారాలు మూసుకుంటాయి. చుట్టూ నీళ్ళే, లోపలికి చుక్క రాదు. ఆకు వాడుతుంది. చూసినవాళ్ళు నీళ్ళు పోస్తారు. నా చింత చెట్టుకి నేను చేసింది ఇదే.

అడుగున చిల్లులుండగా నీరు ఎందుకు నిలుస్తుంది? గిన్నెలు తోమే స్పాంజి ఒకటి తీసుకోండి. నీళ్ళలో పూర్తిగా ముంచి, పళ్ళెం మీద పడుకోబెట్టినట్టు అడ్డంగా పట్టుకోండి. కాసిని నీళ్ళు కారి ఆగిపోతాయి. చుక్క పడటం పూర్తిగా ఆగాక, పిండకుండా, అదే స్పాంజిని నిలువుగా నిలబెట్టండి. మళ్ళీ ధారగా కారుతుంది. స్పాంజి అదే, సందులు అవే, కింద అడ్డేమీ లేదు. మారింది ఎత్తు ఒక్కటే.

సన్నటి సందుల్లో నీరు తలతన్యత వల్ల గోడల్ని పట్టుకుని వేలాడుతుంది. భూమి లాగే లాగుడుకి లొంగకుండా కొంత ఎత్తు వరకూ నిలబడగలుగుతుంది. ఆ ఎత్తు సందు వెడల్పు మీద ఆధారపడుతుంది కానీ కుండీ లోతు మీద కాదు. సందు వ్యాసార్ధం మిల్లీమీటరులో పదో వంతు అయితే నీరు సుమారు 15 సెంటీమీటర్ల ఎత్తు నిలుస్తుంది. అర మిల్లీమీటరైతే 3 సెంటీమీటర్లు. ఒక మిల్లీమీటరైతే ఒకటిన్నర. ఇప్పుడు అయిదు సెంటీమీటర్ల లోతున్న పళ్ళెంలో సన్న ఇసుక పోశామనుకోండి. పైనుంచి కింది దాకా మొత్తం ఆ తడి పొరలోనే ఉంటుంది. అడుగున చిల్లులు ఎన్ని పెట్టినా తేడా రాదు. అదే ఇసుక రెండడుగుల గోలెంలో పోస్తే అడుగున జానెడు తడిగా ఉండి, పైన వేర్లు హాయిగా ఉంటాయి. లోతు తగ్గేకొద్దీ కుండీ త్వరగా ఆరుతుందని మనం లెక్కేస్తాం. ఎండకి ఆరడం నిజమే. కానీ నీళ్ళు పోసిన వెంటనే చూస్తే, లోతు తక్కువ కుండీలోనే గాలి తక్కువ. రెండూ ఒక్క పళ్ళెంలోనే జరుగుతాయి, బోన్సాయ్ కష్టమంతా ఇక్కడే ఉంది.

కుండీ అడుగున గులకరాళ్ళు పరిచి పైన మట్టి పోస్తే నీరు బాగా దిగుతుందని మన ఇళ్ళలో గట్టి నమ్మకం. నేనూ ఏళ్ళ తరబడి అలాగే చేశాను. సన్నటి సందుల్లో పట్టు దొరికిన నీరు, కింద పెద్ద సందులు కనబడినంత మాత్రాన అందులోకి దూకదు. తడి పొర గులకరాళ్ళ మీద ఆగిపోతుంది. అంటే అడుగున ఉండాల్సిన ముద్ద రెండంగుళాలు పైకి జరిగి వేర్ల మధ్యకే వస్తుంది. చిల్లు మీద జల్లెడ ముక్కో పెంకు ముక్కో పెడితే చాలు. దాని పని మట్టి జారిపోకుండా ఆపడం వరకే.

అందుకే బోన్సాయ్ కుండీలో ఏం వేయాలన్న ప్రశ్నకి మొదటి జవాబు ఒక వస్తువు పేరు కాదు, ఒక కొలత. చాలా చెట్లకి కుండీలో పోసే రాతి, పెంకు గింజ సైజు రెండు నుంచి ఆరు మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. అరచేతిలో ఇమిడే చిన్న చెట్లకి ఇందులో సన్నవి, పెద్ద వాటికి ముతకవి. సజ్జగింజ కన్నా చిన్నదేదైనా కుండీలోకి రాకూడదు. ఇంకో సంగతి, గింజలన్నీ ఇంచుమించు ఒకే సైజులో ఉండాలి. గంపలో బత్తాయిలు నింపినా, అదే గంపలో గోలీలు నింపినా, గుండ్రటివి ఎలాపడితే అలా పోస్తే మొత్తం చోటులో సుమారు 36 శాతం ఖాళీ మిగులుతుంది. కాయ సైజుతో దానికి పని లేదు. కానీ బత్తాయిల మీద గోలీలు, గోలీల మీద ఆవాలు పోస్తూ పోతే ఖాళీ అంతా పూడుకుపోతుంది. మేస్త్రీ కాంక్రీటుకి కంకర, చిప్స్, ఇసుక కలిపేది ఆ ఖాళీ పూడ్చడానికే. మనకి కావాల్సింది దానికి సరిగ్గా వ్యతిరేకం. ఎంత మంచి సరుకు కొన్నా జల్లించకుండా పోస్తే మనం కుండీలో కాంక్రీటు పోస్తున్నట్టే.

గింజ పెద్దదైతే గాలి దొరుకుతుంది. మరి తడి? రాతిపలుకు మీద నీరు పొరలా అంటుకుని, మధ్యాహ్నానికి ఆరిపోతుంది. అందుకే గింజ లోపల కూడా సన్నటి గుల్లలు కావాలి. గింజకీ గింజకీ మధ్య పెద్ద సందులో గాలి, గింజ కడుపులో నీరు. వేరు ఆ రెంటి మధ్య ఉంటుంది. ఒకే చోట తడీ గాలీ రెండూ ఇవ్వగలగడమే మంచి గింజ గుణం. జపాన్ వాళ్ళకి ఆ గింజ కాళ్ళ కిందే దొరికింది.

టోక్యో చుట్టూ ఉన్న కాంటో మైదానం మీద అగ్నిపర్వతాలు వేల ఏళ్ళ పాటు బూడిద కురిపించాయి. ఆ బూడిద వానకి నాని, చివికి, ఎర్రటి బంకమట్టి పొరలయింది. తోచిగి ప్రాంతంలో నేల లోపలి పొరల నుంచి దాన్ని తవ్వి, ఆరబెట్టి, జల్లించి గింజలు చేస్తారు. అదే ఆకదామ, ఎర్ర ఉండ అని అర్థం. చేతిలో పట్టుకుంటే ఎండిన మట్టిబెడ్డలా తేలిగ్గా ఉంటుంది, గట్టిగా నొక్కితే నలుగుతుంది, కానీ నీళ్ళు పోస్తే బురద కాదు. ఇందులో ఆలోఫేన్ అనే ఖనిజం ఉంటుంది. దాని కణాలు మిల్లీమీటరులో లక్షల వంతు కొలతలో బోలు బంతులు. వాటి వల్లే ఆకదామ నీటినీ పోషకాలనీ పట్టి ఉంచుతుంది. సన్న వేర్లు గింజలోకే చొచ్చుకుపోయి, దాన్ని చీల్చుకుంటూ ఇంకా సన్నగా చీలతాయి. పైగా ఎండితే రంగు పాలిపోతుంది, తడిస్తే ముదురుతుంది. నీళ్ళు ఎప్పుడు పోయాలో కుండీయే చెబుతుంది. నీళ్ళు పోయడం నేర్చుకోవడానికే మూడేళ్ళు అని అక్కడి తోటమాలులకి ఒక సామెత ఉంది. ఆ మూడేళ్ళ చదువులో ఈ రంగు సగం పాఠం చెబుతుందని నాకనిపిస్తుంది.

అదే ప్రాంతంలో కానుమ అనే ఊరు ఉంది. సుమారు 45 వేల ఏళ్ళ క్రితం ఆకాగి అగ్నిపర్వతం పేలినప్పుడు గాలికి తూర్పుగా కొట్టుకొచ్చి పడిన గుల్లరాయి అక్కడ పసుపు పొరగా దొరుకుతుంది. ఊరి పేరే దానికీ వచ్చింది. కాస్త ఆమ్లగుణం ఉంటుంది కాబట్టి, ఆమ్లం కోరే సాత్సుకి అజేలియాలకి అది తల్లిపాలు. 1923 సెప్టెంబరు భూకంపంలో టోక్యో తగలబడ్డాక, అక్కడి బోన్సాయ్ తోటమాలులు చెట్లతో సహా ఉత్తరాన ఒమియాకి తరలి 1925లో ఒక ఊరు కట్టుకున్నారు. మంచి నీరు, మంచి గాలితో పాటు మంచి మట్టి చూసుకునే ఆ చోటు ఎంచుకున్నారు. ఒమియా బోన్సాయ్ గ్రామం ఇప్పటికీ ఉంది.

మన దగ్గర ఆకదామ దొరకదా అంటే దొరుకుతుంది. సముద్రం దాటి వచ్చిన సంచీ, ఖరీదు బాగా ఎక్కువ. మొదట్లో నేను రెండు సంచులు కొన్నాను. వాడి చూశాక నా అభిప్రాయం ఇది: చాలా మంచి సరుకు, కానీ దాని గుణాన్ని కొనాలి, పేరుని కాదు. ఆ గుణం మన ఊళ్ళో వేరే రూపంలో దొరుకుతుంది.

మన దక్కనులో అగ్నిపర్వతపు లావాకి కొదవ లేదు. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ క్రితం పారిన లావా వికారాబాద్, ఆదిలాబాద్ వైపు నల్లరాయిగా పరుచుకుని ఉంది. రాజమండ్రి దగ్గర కూడా ఆ లావా పొరలున్నాయి. కానీ తేలికైన గుల్లరాయి మనకి లేదు. గుల్లరాయి పుట్టాలంటే సిలికా ఎక్కువున్న జిగట లావాలో ఆవిరి, వాయువులు చిక్కుకుని ఒక్కసారిగా పేలాలి. దక్కను లావా నూనెలా పలచగా పారింది. లోపలి బుడగలు చాలావరకు తప్పించుకుపోయాయి, మిగిలిన చాలా బొర్రల్లో తర్వాత జియోలైటు లాంటి ఖనిజాలు చేరి గట్టిపడ్డాయి. ఇక అగ్నిపర్వతపు బూడిద అంటారా, నంద్యాల జిల్లా జ్వాలాపురంలో ఉంది. 74 వేల ఏళ్ళ క్రితం ఇండోనేషియాలో తోబా అగ్నిపర్వతం పేలినప్పుడు సముద్రం దాటి వచ్చి పడిన బూడిద పొర అది. తెల్లగా, పిండిలా ఉంటుంది. చరిత్రకారులకి అది పెన్నిధి. కుండీకి మాత్రం పనికిరాదు. మళ్ళీ అదే కారణం, పిండి రూపంలో ఉన్నది ఏదైనా అడుసే.

మన చేతిలో ఉన్నది ఇటుక. బట్టీలో మట్టి 450, 600 డిగ్రీల మధ్య వేడెక్కేసరికి బంకమట్టి ఖనిజాల నిర్మాణంలో భాగంగా ఉన్న నీరు పోతుంది. తడిసిన మట్టిలోని నీరు ఆరడం వేరు, ఇది వేరు. ఈ మార్పు జరిగాక ఆ మట్టిని ఎన్నాళ్ళు నానబెట్టినా మళ్ళీ బురద కాదు. ఇంకా వేడి పెరిగితే రేణువుల అంచులు కరిగి ఒకదానికొకటి అతుక్కుంటాయి, మధ్యలో సన్నటి గుల్లలు మిగులుతాయి. నీళ్ళు పీల్చే గుణం ఆ గుల్లలది. మామూలు ఇటుక 24 గంటలు నానితే దాని బరువులో 20 శాతానికి మించి నీరు పీల్చకూడదని ఇళ్ళు కట్టేవాళ్ళకి మన జాతీయ ప్రమాణం. గోడకి ఎక్కువ పీల్చడం లోపం, కుండీకి అదే వరం. పిట్టగోడ మీది రావి మొక్క ఎండాకాలమంతా తాగుతున్నది ఆ గుల్లల్లో దాగిన తడినే.

అయితే అన్ని ఇటుకలూ పనికిరావు. సరిగ్గా కాలని ఇటుక పాలిపోయిన రంగులో ఉంటుంది, రెంటిని కొడితే మొద్దుగా చప్పుడవుతుంది, గోరుతో గీస్తే పొడి రాలుతుంది. అది ఏడాదిలోగా కుండీలో మళ్ళీ మట్టయిపోతుంది. ఎక్కువ కాలి నల్లబడి, గాజులా మెరిసే ఇటుక నీళ్ళు పీల్చదు. మధ్యలో ఉన్నది కావాలి, కంగుమని మోగేది, నీళ్ళ చుక్క వేస్తే కళ్ళముందే ఇంకిపోయేది. పాత మిద్దెలు కూల్చినప్పుడు దొరికే బంగాళా పెంకులు ఇంకా మంచివి, సమంగా కాలి ఉంటాయి. ఈ మధ్య ఇళ్ళకి వాడుతున్న బూడిద ఇటుకలు, తేలికపాటి తెల్ల దిమ్మలు మాత్రం ముట్టుకోవద్దు. వాటిని గట్టిపరిచేది సున్నం, సిమెంటు. అవి కుండీలో నీటిని క్షారంగా మారుస్తాయి. కూల్చిన గోడ నుంచి తెచ్చిన ఎర్ర ఇటుకకి కూడా పాత సున్నం అంటుకుని ఉండొచ్చు. నిమ్మచెక్క పిండి చూడండి, బుసబుస పొంగితే ఆ ముక్క తీసేయాలి.

నేను చేసే పద్ధతి చెబుతాను. ఇటుకని గోనెసంచిలో పెట్టి సుత్తితో కొడతాను. సంచి లేకపోతే పెళ్ళలు కళ్ళలోకి ఎగురుతాయి. తర్వాత రెండు జల్లెడలు. ముందు ఆరు మిల్లీమీటర్ల కంతలున్న ఇనుప వల, దాని మీద మిగిలినవి మళ్ళీ సుత్తి కిందికి పోతాయి. కిందికి దిగినదాన్ని బియ్యం జల్లెడలో వేస్తాను. పొడి, నూక అంతా కిందికి పోతుంది. పైన మిగిలినదే నాకు కావలసిన గింజ. మొదటిసారి చేసినప్పుడు సగం ఇటుక పొడిగా పోతుంటే ప్రాణం ఉసూరుమంది. ఇప్పుడు ఆ పొడిని గులాబీ పాదులో వేస్తాను. గింజల్ని బకెట్లో వేసి, బియ్యం కడిగినట్టు కడుగుతాను. మొదటి నీళ్ళు రక్తంలా ఎర్రగా వస్తాయి, అయిదారు సార్లకి తేరుకుంటాయి. ఆ రాత్రికి నానబెట్టి ఉంచుతాను. తెల్లారేసరికి మెత్తబడిన ముక్కలు వేళ్ళ మధ్య నలిగిపోతాయి, వాటిని ఏరేస్తాను. ఇటుక కొట్టేటప్పుడూ, జల్లించేటప్పుడూ ముక్కుకి తడిగుడ్డ కాదు, సరైన మాస్కు కట్టుకోండి. ఆ ధూళిలోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి పోదు.

మిగతా సరుకుల సంగతి త్వరగా చెప్పేస్తాను. పెర్లైటు కూడా అగ్నిపర్వతపు గాజే. దాన్ని 850 డిగ్రీల పైన వేడిచేస్తే లోపలి నీరు ఆవిరై, ధాన్యం పేలాలయినట్టు తెల్లగా ఉబ్బుతుంది. గాలి బాగా ఇస్తుంది, కానీ మరీ తేలిక. నీళ్ళు పోస్తే పైకి తేలుతుంది, చెట్టుని నిలబెట్టలేదు. వర్మిక్యులైటు అభ్రకం జాతిది, వేడికి అట్టలు విచ్చుకున్నట్టు విచ్చుకుంటుంది. తడిని, పోషకాలని బాగా పట్టి ఉంచుతుంది గానీ ఏడాది తిరిగేసరికి నలిగి ముద్దవుతుంది. విత్తనాల ట్రేకి సరే, బోన్సాయ్‌కి వద్దు. బంకమట్టిని తిరిగే బట్టీలో కాల్చిన గోధుమరంగు ఉండలు నర్సరీల్లో దొరుకుతాయి. గుండ్రంగా నున్నగా ఉండటం వల్ల వేరుకి పట్టు తక్కువ, పగలగొట్టి వాడితే మేలు. బాయిలర్లలో బొగ్గు కాలాక మిగిలే బోలు గడ్డలు, సిండర్ అంటారే, అవి గుల్లరాయికి దగ్గరి చుట్టాలు. ఒక వానాకాలం బయట పడేసి లవణాలు కడిగిపోయాకే వాడాలి. ఏటి ఇసుకలో ముతకది జల్లించి తీసుకోవచ్చు, సముద్రపు ఇసుక ఉప్పు వల్ల పనికిరాదు. రోబో ఇసుక క్రషర్లో గ్రానైటు నలిపినది, సగం పిండి. కావాలంటే దానికన్నా కాస్త పెద్దవైన చిప్స్ కడిగి వాడండి. రాయి నీరు పట్టదు, కానీ బరువునిస్తుంది. ఈదురుగాలికి మేడ మీద కుండీ పడిపోకుండా ఉండాలంటే ఆ బరువు కావాలి.

ఇలాంటి కుండీలో తిండి ఉండదు. ఇటుకలో, రాతిలో చెట్టుకి అందే నత్రజని లేదు. పొటాషియం, కాల్షియం, అమ్మోనియం వంటి ధనావేశ అయాన్లని బంకమట్టీ చివికిన ఆకూ తమ రుణావేశంతో పట్టి ఉంచుతాయి. కాల్చిన ఇటుకకి ఆ శక్తి చాలా తక్కువ, పోసిన ఎరువు నీళ్ళతో పోతుంది. జియోలైటుకి ఆ శక్తి చాలా ఎక్కువ కాబట్టి, పదోవంతు కలిపితే ఆ లోటు కొంత తీరుతుంది. అసలు ఉపాయం కొద్దికొద్దిగా తరచూ పెట్టడం. జపాన్‌లో ఆవచెక్క జాతి నూనెపిండిని ఉండలు చేసి మట్టి మీద పెడతారు. మనకి వేరుశనగ చెక్క, వేపపిండి ఉన్నాయి. గాలి ఆడే గింజల మీద సూక్ష్మజీవులు చురుగ్గా ఉంటాయి, చెక్కని నెమ్మదిగా విడగొట్టి వేరుకి అందిస్తాయి. బురద కుండీలో అదే చెక్క కుళ్ళి కంపు కొడుతుంది.

బోరు నీళ్ళ విషయం కూడా చెప్పాలి. మన ఊళ్ళలో చాలా బోర్లవి గట్టి నీళ్ళు. మట్టిలో అయితే ఆ నీటి క్షారాన్ని మట్టి కొంతకాలం సంభాళిస్తుంది. ఇటుక గింజ అలా చేయదు. కుండీ అంచున తెల్లటి పెచ్చు కడుతుంది. కొత్త ఆకు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా కనిపిస్తే ఇనుము ఉన్నా అందడం లేదని అర్థం. మేడ మీది వాన నీటిని డ్రమ్ముల్లో పట్టి, వారానికోసారి చిల్లుల్లోంచి ధారగా కారేదాకా పోస్తే ఉప్పు కొట్టుకుపోతుంది.

ఏ చెట్టుకి ఏ పాళ్ళు? చింత, రావి, జువ్వి, మర్రికి నేను రెండు పాళ్ళు ఇటుక గింజ, ఒక పాలు చిప్స్, పిడికెడు జియోలైటు వేస్తాను. కాండంలో నీరు దాచుకునే అడేనియానికి చిప్స్ సగం దాకా పెంచుతాను. కాగితం పూల చెట్టు ఈ రెంటికీ మధ్య. పల్నాడు లాంటి మండే చోట మేడ మీద పెంచేవాళ్ళు ఇటుక వాటా పెంచి, పైన పలచగా కొబ్బరిపీచు పరచాలి. తడి వాతావరణమున్న కోస్తా ఊళ్ళలో ఆ పీచు అక్కర్లేదు. మే నెలలో రోజుకి రెండుసార్లు నీళ్ళు పోయాల్సిందే. ఎక్కువ నీళ్ళు పోసినా చెట్టు చావని కుండీ ఇది, నీళ్ళు మరిచిపోతే క్షమించే కుండీ కాదు. ఊళ్ళు తిరిగే ఉద్యోగం ఉన్నవాళ్ళు ఇది ఆలోచించుకోవాలి.

ఈ పాళ్ళు మీ కుండీకి సరిపోయాయో లేదో ఇంట్లోనే కొలవవచ్చు. కుండీ అంత లోతు వచ్చేలా ఒక పెరుగు డబ్బాలో మిశ్రమం పోసి, అడుగున చిల్లులు పెట్టి, బాగా నానబెట్టి, చుక్క కారడం ఆగేదాకా ఉంచండి. ఇప్పుడు చిల్లుల్ని టేపుతో మూసి, అంచు వెంబడి కొలిచిన నీళ్ళు నెమ్మదిగా పోయండి. పైన నీరు తళుక్కుమనగానే ఆపండి. ఎన్ని నీళ్ళు పట్టాయో, నీళ్ళు పోశాక కూడా ఆ కుండీలో అంత గాలి ఉంటుందన్నమాట. అర లీటరు మిశ్రమంలో 125 మిల్లీలీటర్లు పడితే గాలి 25 శాతం. కుండీ మొక్కలకి కనీసం 10 నుంచి 20 శాతం ఉండాలంటారు. బోన్సాయ్‌కి నేను 20కి తగ్గనివ్వను. డబ్బా లోతు కుండీ లోతంతే ఉండాలన్నది మరవద్దు, స్పాంజి చెప్పింది అదే కదా.

నిరుడు చింత పోయిన వారానికే ఇంకో చింత మొలకని ఇటుక గింజల్లో నాటాను. మొన్న తొలకరి పడ్డాక తీసి చూశాను. కుండీ బోర్లిస్తే ఈసారి జున్నుగడ్డ రాలేదు, గింజలు జలజలా రాలాయి. వాన పడిన నేల వాసన తప్ప ఇంకేమీ లేదు. వేర్లు జుట్టులా అన్ని వైపులా పరుచుకున్నాయి, కొసలు తెల్లగా ఉన్నాయి. భూతద్దంలో చూస్తే మూలకేశాలు ఇటుక గింజల గరుకు ముఖాల మీద నూగులా అంటుకుని ఉన్నాయి. ధారగా నీళ్ళు కొట్టినా కొన్ని గింజలు వదల్లేదు. వాటిని అలాగే ఉంచి, చుట్టూ కొత్త గింజ పోసి, సన్నటి పుల్లతో పొడుస్తూ వేర్ల మధ్యకి సర్దాను.

ఆ రోజే మేస్త్రీ పిట్టగోడ పగులు పూడ్చడానికి వచ్చాడు. రావి మొక్కని ఈసారి పీకి పారేయనివ్వలేదు. ఉలితో చుట్టూ చెక్కించి, వేరు చుట్టేసుకున్న ఇటుక ముక్కతో సహా తీయించాను. ముక్కని విడదీయబోతే వేరు తెగేలా ఉంది. ఆ ముక్కని నిమ్మచెక్కతో రుద్ది చూశాను, పొంగలేదు. ఇటుకతోనే కుండీలో పెట్టాను. పది రోజులకి చిగురు వేసింది.